మందు పనిచేసింది, మరి ఈ వాపు ఎందుకు?

కుష్ఠు వ్యాధికి మాత్రలు వాడుతున్న మనిషికి మూడో నెలలోనో, కోర్సు ముగిసిన ఏడాదికో ఉన్నట్టుండి పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి. మోచేయి లోపలివైపు తాకితే ప్రాణం పోయినంత నొప్పి. కొద్ది రోజుల్లోనే చిటికెన వేలు, ఉంగరపు వేలు మాట వినడం మానేస్తాయి. ముద్ద కలపబోతే అన్నం వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఇంట్లోవాళ్లకు మొదట తోచేది ఒకటే: జబ్బు తిరగబెట్టింది, మందు పనిచేయలేదు. మన సంఘాల్లో దీనికి ఇంకో మాట తోడవుతుంది. ఆ మనిషి స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పి ఉంటే, విశ్వాసంలో తప్పిపోయాడేమో, ఏదైనా పాపం దాచిపెట్టాడేమో అని గుసగుసలు మొదలవుతాయి.

ఈ రెండు అభిప్రాయాలూ తప్పే. మొదటి దాని వల్ల మాత్రలు మానేస్తారు. రెండోదాని వల్ల వాపును, నొప్పిని దాచిపెడతారు. ఏది జరిగినా పోయేది చేయి, పాదం, ఒక్కోసారి కంటిచూపు. అందుకే ఈ వారం ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాము.

వైద్యులు ఈ స్థితిని రియాక్షన్ అంటారు. కుష్ఠు వచ్చినవారిలో ప్రతి ముగ్గురిలో కనీసం ఒకరికి ఏదో ఒక దశలో ఇది రావచ్చు. వైద్యం మొదలుకాక ముందే రావచ్చు, మధ్యలో రావచ్చు, అంతా ముగిశాక కూడా రావచ్చు. కొందరిలో అసలు కుష్ఠు ఉన్నదని బయటపడేదే రియాక్షన్ వల్ల. ఇది క్రిములు మళ్లీ పెరగడం వల్ల వచ్చేది కాదు. క్రిముల మీద, చాలాసార్లు చచ్చిన క్రిముల మీద, మన శరీరమే చేసే పోరాటం ఇది. దానికి వైద్యం ఉంది. అయితే ఆ వైద్యానికి గడువు కూడా ఉంది.

ముందుగా ఆ క్రిమి సంగతి. 1873లో నార్వే దేశంలోని బెర్గెన్ పట్టణంలో గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ అనే వైద్యుడు రోగుల కణజాలంలో దీన్ని చూశారు. వంశపారంపర్యమనీ శాపమనీ లోకమంతా అనుకుంటున్న వ్యాధికి ఒక సూక్ష్మక్రిమి కారణమని అప్పుడే మొదటిసారి తెలిసింది. ఇది విచిత్రమైన క్రిమి. చాలా సూక్ష్మక్రిములు నిమిషాల్లో, గంటల్లో రెట్టింపవుతుంటే ఇది ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ప్రయోగశాలలో గాజుపాత్రల్లో దీన్ని పెంచడం నేటికీ ఎవరి వల్లా కాలేదు. చల్లని చోట్లంటే దానికి ఇష్టం. అందుకే చర్మంలోను, చర్మానికి దగ్గరగా వెళ్లే నరాల్లోను కాపురం పెడుతుంది. మోచేతి వెనుక, మోకాలి పక్కన, చీలమండ దగ్గర, ముఖం మీద నరాలు దెబ్బతినడానికి కారణం ఇదే. ఒంట్లో చేరిన తరువాత లక్షణాలు కనబడడానికి సగటున ఐదేళ్లు పడుతుంది, ఇరవై ఏళ్లు పట్టిన సందర్భాలూ ఉన్నాయి. మనలో అత్యధికులకు ఈ క్రిమిని ఎదుర్కొనే శక్తి పుట్టుకతోనే ఉంది. క్రిమి తగిలినా వ్యాధి రాదు.

నరమంటే కరెంటు తీగ అనుకుందాం. తీగమీద రబ్బరు తొడుగు ఉన్నట్టే నరపు పోగుల మీద ఒక తొడుగు ఉంటుంది. దాన్ని చుట్టేవి ష్వాన్ కణాలు. కుష్ఠు క్రిమి దూరేది సరిగ్గా ఈ కణాల్లోకే. ఎలా దూరుతుందో 1990ల చివర్లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో అనుర రంబుక్కన బృందం తేల్చింది. ష్వాన్ కణాన్ని కప్పి ఉంచే పొరలో లామినిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. క్రిమి దాన్ని పట్టుకుని కణం గడప దాటుతుంది. క్రిమి పైపొరలో ఉండే ఒక ప్రత్యేకమైన కొవ్వు పదార్థం ఈ పట్టుకు సాయపడుతుంది. ఆ పదార్థం కుష్ఠు క్రిమికే సొంతం.

నరం పాడవడానికి కారణం క్రిమి దాన్ని నమిలేయడమే అనుకోవడం సహజం. మరి మన రక్షక కణాల పాత్ర ఏమిటి? 2017లో వెలువడిన ఒక పరిశోధనలో జీబ్రా చేప పిల్లలను వాడారు. వాటి ఒళ్లు గాజులా పారదర్శకం, లోపల జరిగేదంతా సూక్ష్మదర్శినిలో కళ్లారా చూడవచ్చు. క్రిమిని మింగిన రక్షక కణాలు, వీటిని మాక్రోఫేజులు అంటారు, నరపు పోగులను అంటిపెట్టుకుని అక్కడే నైట్రిక్ ఆక్సైడు విడుదల చేశాయి. క్రిమిని చంపడానికి అవి వాడే ఆయుధం అది. ఆ ఆయుధానికి నరపు తొడుగు ఊడింది, లోపలి పోగు కూడా దెబ్బతిన్నది. మాక్రోఫేజులను ఇలా రెచ్చగొట్టినది కూడా పైన చెప్పిన ఆ కొవ్వు పదార్థమే. ఈ పరిశోధనకు నాయకత్వం వహించినవారిలో లలిత రామకృష్ణన్ ఒకరు, భారతదేశంలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న శాస్త్రవేత్త. నోబెల్ పొందిన వెంకీ రామకృష్ణన్‌కు సోదరి. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు అని మన పెద్దలు అన్నది కణాల లోకంలోనూ నిజమే అన్నమాట.

రియాక్షన్‌లో ఇదే నిప్పు ఒక్కసారిగా రాజుకుంటుంది. మందులు క్రిములను చంపుతాయి గాని, చచ్చిన క్రిముల ముక్కలు నెలలు, ఏళ్ల తరబడి చర్మంలోను నరాల్లోను ఉండిపోతాయి. అంతవరకు మొద్దునిద్రలో ఉన్న రోగనిరోధక శక్తి ఒకనాడు మేలుకుని వాటిని గుర్తుపడుతుంది. టి కణాలు గుంపులుగా వచ్చి పడతాయి, ఇంటర్‌ఫెరాన్, టీఎన్‌ఎఫ్ అనే రసాయన సంకేతాలు వెలువడతాయి, ఆ చోటు ఎర్రబడి వాస్తుంది. దీన్ని మొదటి రకం రియాక్షన్ అంటారు. చర్మంలో వాపు వస్తే చర్మం సాగుతుంది, పెద్ద ప్రమాదం ఉండదు. నరంలో వస్తేనే చిక్కు. నరం చుట్టూ గట్టి పొర ఉంటుంది, వాపుకు సాగే చోటు లేదు. బిగుతు గాజులు వేసుకున్న చేయి వాచితే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. రక్తప్రసారం తగ్గుతుంది, నరం నలిగిపోతుంది. తల్లులు ఒక సంగతి గమనించాలి. గర్భవతిగా ఉన్నప్పుడు రోగనిరోధక శక్తి కొంత తగ్గి, ప్రసవం తరువాత మళ్లీ పుంజుకుంటుంది. కుష్ఠుకు మందు వాడిన స్త్రీలకు ప్రసవం తరువాతి నెలల్లో ఈ రియాక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. బాలింత నీరసమని తీసిపారేయకూడదు.

రెండో రకం వేరు. ఒంట్లో క్రిములు చాలా ఎక్కువగా ఉన్నవారికే వస్తుంది. క్రిమి ముక్కలు, వాటి మీద తయారైన యాంటీబాడీలు ముద్దలుగా కట్టి రక్తనాళాల గోడల్లో పేరుకుంటాయి. జ్వరం, ఒళ్లంతా నొప్పులు, ముట్టుకుంటే మండే ఎర్రని గడ్డలు. కళ్లు ఎర్రబడతాయి, కీళ్లు వాస్తాయి, మగవారిలో వృషణాలు కూడా వాయవచ్చు. ఒకసారి వచ్చి పోదు, కొందరిలో ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. ఈ మనుషుల బాధ తక్కువ మందికి తెలుసు. మందుల కోర్సు పూర్తయిందని కాగితం చేతికిస్తారు గాని బాధ మాత్రం ముగియదు. 'నయమైపోయింది కదా, ఇంకా ఏమిటి?' అని చుట్టాలు అడుగుతారు.

ఇక వైద్యం. కుష్ఠు క్రిములను చంపేది మూడు మందుల కలయిక: రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో దీన్ని సిఫారసు చేసింది. ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడాలి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. మొదటి మోతాదులతోనే రోగి నుండి ఇతరులకు అంటే ప్రమాదం పోతుంది. రియాక్షన్ వచ్చినా ఈ మాత్రలు ఆపకూడదు, ఇది మరీ మరీ చెప్పవలసిన మాట. కోర్సు ముగిశాక రియాక్షన్ వస్తే మాత్రం మామూలుగా ఈ మాత్రలు మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు, ఎందుకంటే క్రిములు చచ్చాయి. నిజంగా వ్యాధి తిరగబెట్టడం చాలా అరుదు. ఏది రియాక్షనో, ఏది తిరగబెట్టడమో తేల్చవలసింది వైద్యులే.

రియాక్షన్‌ను అణచేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడు. ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారాలు గడిచేకొద్దీ తగ్గిస్తూ వస్తారు. ఎన్నాళ్లు అన్నది చాలాకాలం తేలని ప్రశ్న. భారతదేశం, బంగ్లాదేశ్, నేపాల్, ఇండోనేషియా దేశాల్లో రోగుల మీద 20 వారాల కోర్సును, 32 వారాల కోర్సును పోల్చి చూశారు. ఎక్కువ వారాలు ఇచ్చినందువల్ల నరాలకు అదనపు మేలు కనబడలేదని 2017లో ప్రకటించారు. ఈ మందు అవసరానికి మించి వాడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, దాగి ఉన్న క్షయ బయటపడుతుంది. కాబట్టి ఈ ఫలితం చిన్న సంగతి కాదు. కాని అన్నిటికంటే ముఖ్యం మొదలుపెట్టే సమయం. నరం పనిచేయడం మానేసి ఆరు నెలలు దాటకముందే వైద్యం అందితే చాలామందిలో స్పర్శ, బలం తిరిగి వస్తాయి. ఆలస్యమైన ప్రతి వారమూ ఆ ఆశను తగ్గిస్తుంది.

రెండో రకానికి మరో మందు దొరికిన తీరు మన పాఠకులు తెలుసుకోదగినది. థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చింది. గర్భిణులు వాడగా చేతులు, కాళ్లు సరిగా ఏర్పడని శిశువులు 10,000 మందికి పైగా పుట్టారు. 1961లో దాన్ని మార్కెట్టు నుండి తీసేశారు. లోకం అసహ్యించుకున్న ఆ మాత్రను 1964లో యెరూషలేములో జేకబ్ షెస్కిన్ అనే వైద్యుడు, నొప్పితో నిద్రపట్టని కుష్ఠు రోగికి నిద్ర కోసం మాత్రమే ఇచ్చారు. నిద్రతో పాటు ఊహించనిది జరిగింది. కొద్ది రోజుల్లోనే గడ్డలు అణగిపోయాయి, జ్వరం తగ్గింది. ఎందుకు తగ్గిందో తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1991లో గిల్లా కాప్లన్ బృందం ఆ మందు టీఎన్‌ఎఫ్ సంకేతాన్ని అణచుతుందని చూపింది. టీఎన్‌ఎఫ్‌నే అడ్డుకునే వేరే మందులు ఇప్పుడు కీళ్లవాతం రోగులకు ఇస్తున్నారు. థాలిడోమైడ్ ఎముక మజ్జ క్యాన్సరుకూ వాడుకలోకి వచ్చింది. గర్భం ధరించే వయసున్న స్త్రీలకు మాత్రం అది ఇప్పటికీ భయంకరమైన మందే. ఒకరికి రాసిచ్చిన మాత్రను ఇంట్లో మరొకరు వేసుకునే అలవాటు మన దగ్గర ఉంది గనుక ఈ మాట రాయక తప్పదు.

వైద్యం ఆలస్యమై స్పర్శ పోయినవారి సంగతి కూడా ఉంది. కుష్ఠు వల్ల వేళ్లు కుళ్లి రాలిపోతాయని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టి, 1946 తరువాత వెల్లూరులో శస్త్రవైద్యుడిగా పనిచేసిన పాల్ బ్రాండ్ అది తప్పని చూపారు. నొప్పి తెలియని చేతితో వేడి గిన్నె పట్టుకుంటారు, నొప్పి తెలియని పాదంతో మేకు మీద నడుస్తారు. గాయం అవుతుంది, తెలియదు, చీము పడుతుంది, ఎముక అరుగుతుంది. వేళ్లను పోగొట్టేది ఆ గాయాలే. నొప్పి దేవుడు మనిషికిచ్చిన వరాల్లో ఒకటని ఆయన జీవితాంతం చెబుతూ వచ్చారు. మెత్తని రబ్బరు అట్టతో చేసిన ఎంసీఆర్ చెప్పులు వెల్లూరు, కరిగిరి వైద్యుల కృషితోనే వాడుకలోకి వచ్చాయి.

మన తెలుగు నేలకూ ఈ చరిత్రలో భాగం ఉంది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు కుష్ఠు ఆసుపత్రి నడిపారు. ఆనాటికి ఉన్న మందు ఒక చెట్టు గింజల నూనె, దాన్ని సూదితో ఎక్కించడం రోగికి నరకయాతన. సాలూరులో ఫిలదెల్ఫియా ఆసుపత్రి ఉంది. హైదరాబాదు చర్లపల్లిలోని బ్లూ పీటర్ కేంద్రంలో రియాక్షన్ల మీద పరిశోధన సాగుతోంది. తాతల నాడు మన సంఘాలు కుష్ఠు రోగులకు తలుపులు తెరిచాయి. ఇప్పుడు ఆ వ్యాధి లేదన్నట్టు మాట్లాడుతున్నాం. 2005 చివర్లో, పదివేల మందిలో ఒకరికంటే తక్కువకు తగ్గిందని మన ప్రభుత్వం ప్రకటించిన మాట నిజమే. కాని 2023లో కూడా మన దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు నమోదయ్యాయి. ప్రపంచంలో కనుగొన్న కొత్త కేసుల్లో సగానికి పైగా మనవే.

లేవీయకాండము 13, 14 అధ్యాయాల సంగతి అడిగేవారు ఉంటారు. అక్కడి హెబ్రీ మాట బట్టలకు, ఇంటి గోడలకు పట్టే మచ్చలకు కూడా వాడారు. హాన్సెన్ చూపిన క్రిమి గోడకు పట్టదు, బట్టకు పట్టదు. ఆ మాట కింద అనేక రకాల చర్మ మార్పులు వస్తాయని బైబిలు పండితులు ఎప్పటినుండో చెబుతున్నారు. మన అనువాదంలో 'కుష్ఠు' అని ఉండడం వల్ల మిర్యాము, గేహాజీ, ఉజ్జియాల శిక్షను నేటి రోగి మీద మోపడం జరుగుతోంది. ప్రసంగ వేదిక మీద పాపాన్ని కుష్ఠుతో పోల్చే అలవాటును మన దైవజనులు మానుకోవాలని మేము కోరుతున్నాము. వెనుక వరుసలో ఎవరు కూర్చుని వింటున్నారో వేదిక మీదివారికి తెలియదు. చట్టం కూడా మనకంటే ముందు కదిలింది. 2019లో పార్లమెంటు కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనను తొలగించింది. అలా సవరించిన వాటిలో క్రైస్తవుల విడాకులకు వర్తించే 1869 నాటి చట్టం కూడా ఒకటి.

స్వస్థత కోసం ప్రార్థించడం మానమని మేము చెప్పడం లేదు. ప్రభువు కుష్ఠు రోగిని చేయి చాపి ముట్టుకున్నాడు, వెళ్లి యాజకునికి కనబడమని కూడా చెప్పాడు. పరీక్ష చేసి తేల్చే వ్యక్తి దగ్గరకు పంపడం ఆయనకు అవిశ్వాసంగా తోచలేదు. సాక్ష్యం చెప్పించే ముందు ఆ సహోదరుడు మాత్రలు పూర్తి చేశాడా, చేతి బలం పరీక్ష చేయించుకుంటున్నాడా అని కాపరి అడిగితే చాలు. ఆ పరీక్షకు పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. కళ్లు మూయించి బాల్‌పెన్ను మొనతో మెల్లగా తాకి ఎక్కడ తగిలిందో చూపమంటారు, వేళ్లు ఎంత గట్టిగా ఆపగలడో చూస్తారు. కొత్తగా తిమ్మిరి, కన్ను పూర్తిగా మూతపడకపోవడం, పాదం జారి చెప్పు ఊడిపోవడం, నరం దగ్గర నొప్పి, వీటిలో ఏది కనబడినా ఆ వారమే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఆశా కార్యకర్తకు చెప్పినా దారి చూపుతుంది.

ఉపవాస ప్రార్థనల విషయంలో ఒక హెచ్చరిక. స్టెరాయిడు మాత్రలు వారాల తరబడి వాడుతున్నవారి శరీరం తనకు తానుగా ఆ హార్మోను తయారుచేయడం తగ్గించేస్తుంది. మాత్ర హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. నలభై దినాల ఉపవాసం పేరిటైనా, ఇరవై ఒక్క దినాల పేరిటైనా వైద్యుని అడగకుండా ఒక్క పూట కూడా మానరాదు. స్పర్శ లేని చేతులకు, కాళ్లకు వేడి నూనెతో మర్దన చేయడం, కాపడం పెట్టడం కూడా వద్దు. బొబ్బ లేచేదాకా ఆ మనిషికి తెలియదు.

ఇంట్లో ఒకరికి కుష్ఠు తేలితే మిగతావారిని పరీక్షించి, ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతి మన దేశంలో అమలులో ఉంది. బంగ్లాదేశ్‌లో చేసిన పరిశోధనలో ఆ ఒక్క మోతాదు తరువాతి రెండేళ్లలో వ్యాధి వచ్చే అవకాశాన్ని 57 శాతం తగ్గించింది. ఇరుగుపొరుగుకు తెలిసిపోతుందని ఈ మోతాదు వద్దనేవారు చాలామంది. కాపరి తానే వెంట వెళితే వారి సిగ్గు కొంత తగ్గుతుంది.

గుడిలో మనం గమనించని చిన్న సంగతులు రెండు. ప్రేమ విందులో స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ పోసి చేతికిస్తాం. స్పర్శ లేని చేతికి అది కాలిన గాయం. పిడి ఉన్న కప్పు ఇవ్వండి, లేదా చల్లార్చి ఇవ్వండి. రెండోది చెప్పులు. గేటు దగ్గరే విడిచి రమ్మనడం మన మర్యాద. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు గంటల ఆరాధన ముగిసేసరికి గేటు నుండి గుమ్మం దాకా పరిచిన బండలు పెనంలా కాలుతుంటాయి. ఎంసీఆర్ చెప్పులు వేసుకున్న సహోదరుడు వాటితోనే లోపలికి వచ్చి, తన వరుసలో కూర్చునే వీలు సంఘ పెద్దలు కల్పించాలి. ఎవరైనా ఎందుకని అడిగితే ఆయనను కాదు, పెద్దలను అడగనివ్వండి.